మానేసేవాళ్ళు మాన్యువల్ ఇచ్చి పోవాలి

కంప్యూటర్ల తయారీ మానేస్తున్నామని ఏదైనా పెద్ద కంపెనీ ప్రకటించగానే మన బిజినెస్ పేజీలన్నీ ఒకే పాట ఎత్తుకుంటాయి. లాభం తక్కువట, పోటీ ఎక్కువట, ఇకమీదట సాఫ్ట్‌వేరూ సర్వీసులూ చూసుకుంటారట, షేరు ఇంత పెరిగిందట, లేదా ఇంత పడిందట. ఆ కంపెనీ పేరున్న డబ్బాని వాయిదాల మీద కొనుక్కుని, సాలూరులోనో చీపురుపల్లిలోనో దాని మీదే నాలుగు వేళ్ళు నోట్లోకి పోనిచ్చుకుంటున్నవాడి సంగతి మాత్రం ఒక్కరూ రాయరు. నాది విజయనగరం, గంటస్తంభానికి దగ్గర్లో కంప్యూటర్లు, లాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు. అందుకని ఆ సంగతి నేను రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నా వాదన ముందే చెప్పేస్తాను. నష్టమొచ్చే వ్యాపారం చేసి తీరాలని ఎవర్నీ బలవంతపెట్టలేం, మానేసే హక్కు కంపెనీకి ఉంది. కానీ మానేసే ముందు మూడింటిని ఎవరి చేతిలో పెట్టారన్నది నేను చూస్తాను: స్పేర్లు, విప్పి బాగుచెయ్యడం ఎలాగో చెప్పే సర్వీస్ మాన్యువల్, బయోస్-డ్రైవర్ ఫైళ్ళు. బయోస్ అంటే మిషన్ వెయ్యగానే అన్నిటికంటే ముందు మేలుకునే ప్రోగ్రాం, డ్రైవర్లంటే లోపలి భాగాల చేత పనిచేయించే చిన్న ప్రోగ్రాములు. ఆ మూడింటికీ ఒక దిక్కు చూపించి వెళ్తే మర్యాదగా వెళ్ళారంటాను. చూపించకపోతే, ఎంత పెద్ద పేరైనా సరే, అప్పులవాళ్ళకి చెప్పకుండా రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసినట్టే.

నెల్లిమర్ల జూట్ మిల్లుకి లాకౌట్ పడితే గేటు ముందు టెంటు వేసుకుని కూర్చోడానికి మనుషులుంటారు, పేపరువాళ్ళొచ్చి ఫొటోలు తీస్తారు. కంప్యూటర్ కంపెనీ తాళం వేస్తే మా ఊళ్ళో కూర్చోడానికి గేటే లేదు. వాళ్ళు మానేశారన్న సంగతి మాకు తెలిసేది కూడా ఏడాది తరవాత, ఎవరో కీబోర్డు మార్చమని తెచ్చినప్పుడు, విశాఖ ద్వారకానగర్లో అడిగితే లేదని, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగితే "ఆ మోడలు మర్చిపోండి మాస్టారూ" అని అన్నప్పుడు.

మానేసినవాళ్ళలో అందరికంటే పెద్ద పేరు ఐబీఎం. అది మనకి సంబంధించినంతవరకూ రెండుసార్లు మానేసింది, రెండుసార్లూ మనకి మేలే జరిగింది. మొదటిసారి 1978లో. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి వాటాని 40 శాతానికి తగ్గించుకోవాలి. జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉన్న జనతా ప్రభుత్వం ఆ మాట మీద గట్టిగా నిలబడితే, ఐబీఎం ఒప్పుకోక తట్టాబుట్టా సర్దుకుంది. కోకాకోలా వెళ్ళిన కథ అందరికీ గుర్తుంటుంది గానీ కంప్యూటర్ల కథ అంతగా ఎవరూ చెప్పుకోరు. అప్పటికి దేశంలో పెద్ద పెద్ద సంస్థల్లో ఐబీఎం యంత్రాలు నడుస్తున్నాయి, కంపెనీ పోతే వాటికెవరు దిక్కు? ఆ పని సీఎంసీ అనే ప్రభుత్వ కంపెనీ చేతికొచ్చింది, దాని పూర్తి పేరులోనే కంప్యూటర్ మెయింటెనెన్స్ అని ఉండేది. అంటే కంపెనీ పోయింది గానీ మరమ్మతు పోలేదు. ఆ సీఎంసీ తరవాత రోజుల్లో సొంతంగా పెద్ద పెద్ద పనులు చేసి, 2001లో టాటాల చేతికి వెళ్ళింది. 1976లో మొదలైన హెచ్‌సీఎల్ లాంటి దేశీ కంపెనీలకి ఆ ఖాళీలో నిలదొక్కుకునే చోటు దొరికింది.

రెండోసారి మానెయ్యడం గురించి చెప్పాలంటే దాని పుట్టుక నుంచి చెప్పాలి. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్, 5150 అనే మోడలు, విడుదల చేసింది. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో ఒక చిన్న జట్టు ఏడాదిలో తయారుచేసిన యంత్రం అది. తొందరలో చేశారు కాబట్టి సొంత చిప్పులు చేసుకోలేదు, ఇంటెల్ 8088 బయట కొన్నారు, ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్నారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉండేవే. మాలాంటి రిపేరువాళ్ళకి అసలు సంగతి వేరే ఉంది. ఆ యంత్రానికి టెక్నికల్ రిఫరెన్స్ అని ఒక లావుపాటి మాన్యువల్ అమ్మారు. అందులో సర్క్యూట్ బొమ్మలున్నాయి, ఏ పిన్నుకి ఏ సిగ్నల్ వస్తుందో ఉంది, ఆఖరికి బయోస్ ప్రోగ్రాం మొత్తం వరస వరసా అచ్చువేసి ఉంది. ఇవ్వాళ ఏ కంపెనీ అయినా తన మదర్‌బోర్డు సర్క్యూట్‌ని పుస్తకం వేసి అమ్ముతుందా? అడిగితే లాయరు నోటీసు పంపిస్తారు.

ఆ పుస్తకం దయవల్లే ఎవరికి వాళ్ళు ఆ మిషన్‌లో గుచ్చే కార్డులు తయారుచేసి అమ్ముకున్నారు. బయోస్ మీద కాపీరైట్ ఉంది గనక అది చూసి రాస్తే కేసవుతుందని, కాంపాక్ కంపెనీవాళ్ళు దాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళ చేత అదే పనిచేసే బయోస్‌ని మొదటి నుంచీ సొంతంగా రాయించుకుని, 1983లో ఐబీఎంకి సరిజోడైన మిషన్ అమ్మేశారు. ఆ తరవాత తైవాన్ మొత్తం అదే పనిలో పడింది. 1987లో ఐబీఎం మేలుకుని పీఎస్/2 అని కొత్త మోడళ్ళు తెచ్చి, ఈసారి కార్డులు గుచ్చే లోపలి దారిని, అంటే బస్‌ని, తన గుప్పిట్లో పెట్టుకుని, వాడుకోవాలంటే రుసుము కట్టమంది. జనం కట్టలేదు. మిగతా కంపెనీలన్నీ కలిసి పాత దారినే ఇంకాస్త వెడల్పు చేసుకుని వెళ్ళిపోయాయి. లాభమంతా ఇంటెల్‌కీ మైక్రోసాఫ్ట్‌కీ పోతూంటే డబ్బా బిగించినవాడికి మిగిలేది ఏముంటుంది? 2004 డిసెంబర్‌లో ఐబీఎం తన పీసీ విభాగాన్ని చైనా కంపెనీ లెనోవోకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. అప్పులతో కలిపి 175 కోట్ల డాలర్ల బేరం, 2005 మేలో పూర్తయింది.

మా ఊళ్ళో ఆ రోజున ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదు. ఎందుకాగుతుంది? అప్పటికి ఇక్కడ డీటీపీ సెంటర్లూ, నెట్ సెంటర్లూ, కోచింగ్ సెంటర్లూ అన్నీ అసెంబుల్డ్ సెట్ల మీదే నడుస్తున్నాయి. బోర్డు ఒకడిది, ర్యామ్ ఇంకొకడిది, లోపలికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ఎవడిదో దేవుడికెరుక. ఏ స్క్రూ ఎక్కడ పడాలో, ఏ వైరు రంగుకి ఎన్ని వోల్టులో అందరికీ ఒకటే లెక్క. మూడు లాంతర్ల వైపు ఒక ప్రెస్సులో ఇప్పటికీ ఒక పెంటియం-4 డబ్బా మీద పేజ్‌మేకరూ అను ఫాంట్లూ పెట్టుకుని శుభలేఖలు కొడుతున్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో అది ఆగితే ఆయన ప్రాణం ఆగినట్టే. దాని ర్యామ్ తీసి, బంగారు రంగు పిన్నులు ఎరేజర్‌తో రుద్ది మళ్ళీ గుచ్చితే సగం సార్లు అదే లేస్తుంది. లేవకపోతే పాత సామాన్ల గుట్టలోంచి ఇంకో కంపెనీ ఎస్ఎంపీఎస్ తెచ్చి బిగిస్తాను, దానికెవరి అనుమతీ అక్కర్లేదు. ఆ డబ్బాలో బోర్డు చేసిన కంపెనీ బోర్డులు చెయ్యడం ఎప్పుడో మానేసింది. ఆ ప్రెస్సాయనకి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

ఐబీఎం లాప్‌టాప్‌ల సంగతీ అంతే. 1992లో మొదలుపెట్టిన థింక్‌ప్యాడ్‌లని లెనోవోకి ఇచ్చినప్పుడు పేరొక్కటే ఇవ్వలేదు, పద్ధతి కూడా ఇచ్చింది. ఏ స్క్రూ ముందు విప్పాలి, ఏది తరవాత, ఏ భాగానికి ఏ నంబరు అని బొమ్మలతో ఉండే హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ ఐబీఎం రోజుల్లోనూ ఎవరికైనా దొరికేది, ఇప్పటికీ దొరుకుతుంది, డబ్బులు కట్టక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి వదిలేసిన పాత థింక్‌ప్యాడ్‌లు బెంగళూరు నుంచీ ఢిల్లీ నెహ్రూ ప్లేస్ నుంచీ అట్టపెట్టెల్లో మా ఊరికి దిగుతూంటాయి. ఇంజినీరింగ్ పిల్లలు కొత్త నాసిరకం దానికంటే పాత గట్టి దాన్నే కొనుక్కుంటున్నారంటే కారణం అదే, ఏది పోయినా మార్చుకోవచ్చు. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేశాక కొత్త విండోస్ నడిచే ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ ఉన్నవాటి ధర పెరిగింది, పాతవి చవకైపోయాయి. అదింకో రకం వదిలెయ్యడం, దాని గురించి ఇంకెప్పుడైనా తిట్టుకుందాం.

ఇక మధ్యలో కొట్టుమిట్టాడినవాళ్ళూ ఉన్నారు. హెచ్‌పీ ప్రపంచంలో నంబర్ వన్ పీసీ కంపెనీగా ఉంటూనే 2011 ఆగస్టు 18న ఆ వ్యాపారాన్ని వదిలించుకునే ఆలోచనలో ఉన్నామని చెప్పింది. ఏడు వారాల కిందట విడుదల చేసిన టచ్‌ప్యాడ్ టాబ్లెట్‌ని అదే రోజు చంపేసింది. మర్నాడు షేరు సుమారు 20 శాతం పడిపోయింది. ఐదు వారాల్లో సీఈఓ లియో అపోథెకర్‌ని పంపేసి మెగ్ విట్మన్‌ని కూర్చోబెట్టారు, అక్టోబర్ 27న మానడం లేదని ప్రకటించారు. లెక్క వేసుకుంటే, విడదీయడానికే 150 కోట్ల డాలర్లు ఖర్చు, ఆ పైన ఏడాదికి 100 కోట్లు నష్టం అని తేలిందట. ఆ పది వారాలూ డీలర్లకి ఒకటే టెన్షన్, కొనడానికొచ్చినవాడు "రేపు ఈ కంపెనీ ఉంటాదా?" అని అడిగితే చెప్పడానికి మాట లేదు. నాలుగేళ్ళ తరవాత 2015 నవంబర్‌లో హెచ్‌పీ రెండుగా చీలింది. కానీ అప్పుడు పీసీల భాగానికి పేరూ, జనమూ, సర్వీసూ అన్నీ కలిపి ఒక ఇల్లు చూపించి చీలారు. అలాంటప్పుడు మా వైపు ఎవడికీ నొప్పి తెలియలేదు.

సోనీ 2014లో వాయో వ్యాపారాన్ని జపాన్‌లోనే ఒక పెట్టుబడి సంస్థకి అమ్మింది. లాప్‌టాప్‌లకి దారి వేసిన తోషిబా, 2015లో లెక్కల గోల్‌మాల్ బయటపడి, ఆ పైన అమెరికాలో అణు విద్యుత్ వ్యాపారంలో మునిగి, 2018లో తన పీసీ విభాగంలో 80.1 శాతం షార్ప్‌కి అమ్ముకుంది. ధర 3 కోట్ల 60 లక్షల డాలర్లు. ఐబీఎం బేరంతో పోలిస్తే అది పాత ఇనుము రేటు. మిగిలింది 2020లో ఇచ్చేసింది. ఇప్పుడా లాప్‌టాప్‌లు డైనాబుక్ అన్న పేరుతో వస్తున్నాయి.

మన దేశీ కంపెనీల సంగతికొస్తే నాకు కోపం కంటే జాలే ఎక్కువ. హెచ్‌సీఎల్ 1978లోనే 8సీ అని సొంత మైక్రో కంప్యూటర్ చేసిన కంపెనీ. విప్రో కూడా 80ల నుంచి కంప్యూటర్లు చేసింది. 2013లో ఇద్దరూ తయారీ మానేశారు. ఆ ఏడే డాలరు 68 రూపాయలు దాటింది. కానీ అసలు కన్నం అంతకు చాలా ముందే పడింది. 1997లో మనం ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంలో చేరాం, 2005 నాటికి బయటి నుంచి తయారై వచ్చే కంప్యూటర్ మీద దిగుమతి సుంకం సున్నా అయింది. ఇక్కడ బిగించుకునేవాడికి మాత్రం కొన్ని ముడిసరుకుల మీద పన్ను అలాగే ఉంది. పైగా కోట్లలో చేసే చైనా ఫ్యాక్టరీకి చిప్పు పడే ధర వేరు, లక్షల్లో చేసే మనవాడికి పడే ధర వేరు. అలాంటప్పుడు ఎంతకాలం నిలబడతారు? విప్రో సంతూర్ సబ్బు మా వీధి కిరాణాలో ఇప్పటికీ దొరుకుతుంది, విప్రో కంప్యూటర్ ఎక్కడా దొరకదు. సబ్బుల వ్యాపారాన్ని వేరే కంపెనీగా విడదీసింది కూడా అదే 2013లో. మరి సబ్బుకి సర్వీస్ మాన్యువల్ అక్కర్లేదు కదా.

దేశీ డెస్క్‌టాప్‌లలో, నా చేతికొచ్చినంతవరకూ, మామూలు విడిభాగాలే ఎక్కువ కాబట్టి వాటిని ఏదో ఒకటి చేసి లాక్కొచ్చాం. చావు వచ్చేది లాప్‌టాప్‌లతోనే. లాప్‌టాప్‌లో ఏదీ ఇంకోదానికి పట్టదు. మూత తెరిచి మూసే హింజ్ విరిగితే ప్లాస్టిక్‌లో దిగేసిన ఇత్తడి బుష్ పెళ్ళలతో సహా ఊడొస్తుంది, ఆ కంపెనీ ఆ మోడలు పై మూతే కావాలి. బ్యాటరీకి కనెక్టర్ వేరు, కీబోర్డుకి రిబ్బన్ వేరు. ఇదంతా ఒక ఎత్తు, బయోస్ ఒక ఎత్తు.

గజపతినగరం వైపు నుంచి ఒకావిడ వచ్చారు, ఊళ్ళో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతారు. ఆధార్ ప్రింట్లు, రైతుల ఈ-కేవైసీ, ఎంసెట్ కౌన్సెలింగ్‌లో పిల్లలకి వెబ్ ఆప్షన్లు పెట్టడం, అన్నీ ఆ ఒక్క లాప్‌టాప్ మీదే. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడది లాప్‌టాప్‌లు చెయ్యడం లేదు.

"అన్నయ్యా, రాత్రి నుంచి నల్లగానే ఉంటంది. ఫ్యాను తిరుగుతంది, బొమ్మ రావట్లేదు. ఆ కంపినీ మరి లేదంట కదా, ఇప్పుడేటి చెయ్యాల?"

"లేకపోతే ఏటమ్మా, మనం ఉన్నాం కదా, చూద్దాం" అన్నాను గానీ, ఏం జరిగిందో వినగానే అర్థమైంది. బయోస్ అప్‌డేట్ దానంతటది మొదలైంది, మధ్యలో కరెంటు పోయింది, బ్యాటరీ నలభై శాతం చూపిస్తూనే ఠపీమని పోయే రకం. బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు ఉంటుంది, బయోస్ అందులోనే ఉంటుంది. దానికి క్లిప్పు పట్టించి, కొన్ని వందల రూపాయలకి దొరికే యూఎస్‌బీ ప్రోగ్రామర్‌తో చదివితే సగం వరకూ కొత్తది, ఆ పైన అంతా ఖాళీ. మంచి ఫైలు ఒకటి ఎక్కిస్తే పని అయిపోతుంది. ఆ ఫైలు ఒకప్పుడు కంపెనీ సైట్లో ఉండేది. ఇప్పుడా పేజీ నొక్కితే వాళ్ళ కొత్త వ్యాపారం తాలూకు మొదటి పేజీకి పోతోంది, అక్కడ ఎవరో సూటు వేసుకున్నాయన నవ్వుతున్నాడు.

ఆఖరికి దొరికింది ఎక్కడంటే, ఎవరో వియత్నాం కుర్రాడు తన దగ్గర బాగున్న బోర్డు నుంచి చదివి ఇంటర్నెట్‌లో పెట్టిన ఫైలు. దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఆవిడ మిషన్‌కి ఆ కుర్రాడి సీరియల్ నంబరు వస్తుంది, విండోస్ కీ కూడా ఆ చిప్పులోనే ఉంటుంది కాబట్టి అదీ మారిపోతుంది. పాడైన ఫైలులోంచి ఆవిడ నంబర్లున్న ముక్క కత్తిరించి కొత్తదాంట్లో అదే చోట అతికించి ఎక్కించాను. బొమ్మ వచ్చింది. ఆవిడ సంతోషంగా తీసుకెళ్ళారు. నాకు మాత్రం ఆ వారమంతా మనసులో ఒకటే గుచ్చుకుంది: ఊరందరి ఆధార్ కాగితాలు వెళ్ళే మిషన్‌లో, అన్నిటికంటే ముందు మేలుకునే ప్రోగ్రాంగా, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి ఫైలు పెట్టి పంపించాను. ఆ కుర్రాడు మంచివాడే అయ్యుంటాడు. కానీ అయ్యుంటాడు అన్న మాట మీద నడవాల్సిన పనేనా ఇది?

కంపెనీల తరఫున మాట్లాడేవాళ్ళు రెండు మూడు కారణాలు చెబుతారు. మొదటిది భద్రత, ఫైళ్ళూ మాన్యువళ్ళూ అందరికీ ఇస్తే దుర్వినియోగం చేస్తారని. పైన చెప్పిందే దానికి నా జవాబు. అసలు ఫైలు తీసేస్తే జనం రిపేరు మానెయ్యరు, దొంగ ఫైలు వెతుక్కుంటారు. రెండోది, బయోస్ మొత్తం మాది కాదు, ఫలానా కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకున్నాం, ఇచ్చే హక్కు మాకు లేదని. ఇందులో కొంత నిజముంది, బయోస్ రాసి అమ్మే కంపెనీలు వేరే ఉన్నాయి. కానీ ఆ ప్రోగ్రాం ఎలా రాశారో చూపించే సోర్స్ కోడ్ మేం అడగడం లేదు. నిన్నటి దాకా మీ సైట్లో అందరూ దించుకోగలిగిన ఫైలే, అదే ఫైలు, అక్కడే ఉండనివ్వమంటున్నాం. సైట్ ఖర్చు దండగనుకుంటే పాత ఫైళ్ళు దాచిపెట్టే ఆర్కైవ్‌లవాళ్ళకి ఇచ్చెయ్యండి, మోసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మాన్యువల్ సంగతి మరీ అన్యాయం. అది కొత్తగా రాయాల్సింది కాదు, సర్వీస్ సెంటర్ల కోసం ఎప్పుడో రాసి పెట్టుకున్నదే. మూతపడ్డ వ్యాపారానికి ఇంకా రహస్యాలేమిటి?

స్పేర్ల దగ్గర మాత్రం నేను కాస్త తగ్గుతాను. ఎప్పుడో ఎవడో అడుగుతాడని పదేళ్ళు గోడౌన్‌లో మదర్‌బోర్డులు పెట్టుకోమనడం న్యాయం కాదు, వాటికీ వయసైపోతుంది, కెపాసిటర్లు ఉబ్బుతాయి. కానీ ఏ మోడలుకి ఏ పార్ట్ నంబరో, ఏది దేనికి పడుతుందో చెప్పే జాబితా ఇచ్చి వెళ్తే చాలు, సగం స్పేర్లు చైనాలోని షెన్‌జెన్‌లో అవే పుడతాయి. అయినా కార్ల వ్యాపారంలో ఇది మామూలే కదా. జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో షెవర్లే కార్లు అమ్మడం మానేసినప్పుడూ, ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నామన్నప్పుడూ, సర్వీసూ విడిభాగాలూ ఇస్తామని అదే నోటితో చెప్పాల్సొచ్చింది. చెప్పకపోతే జనం ఊరుకోరని వాళ్ళకి తెలుసు. లాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి మనమే "పోన్లే, పాతబడింది" అనేసుకుంటున్నాం. ఏది పాతబడింది? ముప్పై ఐదు వేలు పెట్టి కొన్నది, ఇంకా వాయిదాలు అయ్యీ అవకుండానే.

ఇంకో వాదన కుర్రాళ్ళ దగ్గర వింటూంటాను, ఇప్పుడంతా ఫోన్లోనే అవుతుంది, కంప్యూటర్ ఎవడికి కావాలి అని. ఆ మాట అన్న కుర్రాడే నోటిఫికేషన్ పడ్డ రోజున సంతకం ఇన్ని కేబీల్లో, ఫొటో ఇన్ని పిక్సెల్స్‌లో అప్‌లోడ్ చెయ్యాలంటే పరుగెత్తుకుంటూ నెట్ సెంటర్‌కి పోతాడు. కొట్లలో బిల్లులన్నీ ట్యాలీలోనే వేస్తున్నారు. ఫోన్ అందరి చేతిలో ఉన్నమాట నిజమే, కానీ ఆ అందరి పనులూ చేసిపెట్టే కంప్యూటర్ ఊరికి ఒకటి రెండే ఉన్నాయి, అందుకే అది ఆగితే ఊరంతా ఆగుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో చూశాం, 2018లో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళంలో చూశారు. కరెంటు వచ్చిన తరవాత హై వోల్టేజికి కాలిపోయిన బోర్డులతో జనం కొట్ల ముందు నిలబడ్డారు. అలాంటప్పుడు డబ్బా మీద ఏ కంపెనీ పేరుందన్నది ఎవరూ అడగరు, లోపల ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అన్నదే లెక్క.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని అనను. 2022 జూలైలో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేశారు, ఆ డిసెంబర్ 24న ఒక పోర్టల్ కూడా తెరిచారు. 2023 మేలో కంప్యూటర్లు ఇక్కడే తయారు చేసేవాళ్ళకి ప్రోత్సాహకంగా 17 వేల కోట్లు ప్రకటించారు, ఆ ఆగస్టులో లాప్‌టాప్ దిగుమతుల మీద ఆంక్షలు పెట్టబోయి గోల రేగి వెనక్కి తగ్గారు. నేనడిగేది ఏమిటంటే, తయారు చెయ్యడానికి డబ్బిచ్చేటప్పుడే తయారీ ఆపేసిన రోజున ఏం చేస్తారో కూడా రాయించుకోవాలి. సబ్సిడీ తీసుకున్న ప్రతి మోడలుకీ సర్వీస్ మాన్యువల్, బయోస్ ఫైలు, పార్ట్ నంబర్ల జాబితా ముందే ఆ పోర్టల్‌లో జమ చెయ్యాలి. కంపెనీ బాగున్నంతకాలం తాళం వేసి పెట్టుకోండి, మానేసిన మర్నాడు తాళం తియ్యండి. యూరప్‌లో 2025 జూన్ నుంచి ఫోన్లకీ టాబ్లెట్లకీ, అమ్మడం ఆపేశాక కూడా ఏడేళ్ళు స్పేర్లు దొరికేలా చూడాలని రూలు వచ్చింది. ఫ్రాన్స్‌లో 2021 నుంచి లాప్‌టాప్ అమ్మేటప్పుడు అది ఎంత తేలిగ్గా రిపేరవుతుందో పదికి మార్కులేసి కొనేవాడికి కనబడేలా చూపించాలి. మనకి అంత చట్టం వచ్చేలోపు నా గడ్డం తెల్లబడుతుందేమో, ఈ ఒక్క షరతు మాత్రం ఒక కాగితం మీద అయిపోయే పని.

అప్పటిదాకా మా జాగ్రత్త మేం పడుతున్నాం. కొనడానికి సలహా అడిగినవాళ్ళకి ప్రాసెసర్ గురించి తరవాత చెబుతాను, ముందు ఆ మోడలు పేరు పక్కన సర్వీస్ మాన్యువల్ అని కొట్టి వెతకమంటాను. పీడీఎఫ్ వస్తే సగం పాస్. ర్యామ్ స్లాట్‌లో గుచ్చేదా, బోర్డుకే అతికించేశారా చూడమంటాను. కొట్టుకొచ్చిన ప్రతి లాప్‌టాప్‌కీ, రిపేరు కీబోర్డుదైనా సరే, ఓనరుకి చెప్పి బయోస్ ఒకసారి చదివి బోర్డు నంబరు పేరుతో హార్డ్ డిస్క్‌లో దాస్తున్నాను. శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక మిత్రుడూ, బొబ్బిలిలో ఇంకొకరూ, విశాఖలో నలుగురైదుగురూ అదే పనిలో ఉన్నారు, ఎవరికి ఏది కావాలన్నా వాట్సాప్‌లో అడిగితే వస్తుంది. ఇప్పుడు తెలియనివాళ్ళ ఫైలు పెట్టాల్సిన అవసరం కొంచెం తగ్గింది. మా దగ్గర లేనివల్లా పాత మోడళ్ళ డ్రైవర్లు, ముఖ్యంగా కంపెనీలు పెట్టెలో పెట్టి ఇచ్చిన సీడీలు. మీ అటక మీద అలాంటివి ఉంటే, కంపెనీ ఉన్నదైనా పోయినదైనా, గీతలు పడినవైనా సరే, పారేయకుండా గంటస్తంభం వైపు వచ్చినప్పుడు పట్రండి. సీడీ డ్రైవ్ మీ లాప్‌టాప్‌కి లేకపోవచ్చు, నా దగ్గర ఉంది.